ఎస్టీమ్ 1.3కి స్టాండలోన్ ఈసీయూ: ఏది కొనాలి, అంతకంటే ముందు ఏం చూసుకోవాలి

తమ్ముడూ, నీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కావలిలో ఉంటావు. చేతిలో పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ మారుతి ఎస్టీమ్ ఉంది. కంపెనీ ఈసీయూ (ఇంజిన్‌కు పెట్రోలు, స్పార్క్ ఎప్పుడెంత అన్నది నడిపే కంప్యూటర్) బదులు సొంతంగా ట్యూన్ చేసుకునే స్టాండలోన్ ఈసీయూ ఏది కొనాలన్నది నీ సందేహం. హెడ్ పని చేయించి వాల్వులు తెరిచే క్యామ్ కాస్త పెద్దది వేయిస్తున్నావు, వచ్చే ఏడు చిన్న టర్బో పెట్టే ఆలోచన కూడా ఉంది. చవకైన స్పీడ్యూనో చాలంటాడొకడు, ఖరీదైన హాల్టెక్ కంటే తక్కువది ముట్టుకోవద్దంటాడు ఇంకొకడు, పిగ్గీబ్యాక్ పెట్టి డబ్బు మిగుల్చుకోమంటాడు మూడోవాడు. బడ్జెట్ లక్షన్నర.

పెట్టె పేరు చివర్లో చెప్తాను. బండిని ట్యూన్ చేసేదెవరు (ఈసీయూలో అంకెలు కుదిర్చేదెవరు), ఇంజిన్ ఎక్కడ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే క్రాంక్ సిగ్నల్ ఎలా వస్తోంది, ఈసీయూ నుంచి ఎన్ని వైర్లు బయటికి పోవాలి అన్నది కాగితం మీద రాసుకున్నాక, అంగట్లో ఉన్న పది పెట్టెల్లో ఏడెనిమిది వాటంతటవే రాలిపోతాయి. మన జిల్లాల్లో చాలామంది ముందు పెట్టె కొని, తర్వాత దానికి ట్యూనర్‌ను వెతుక్కుంటున్నారు. గొడవంతా అక్కడే మొదలవుతోంది.

అసలు అవసరమా అన్నది ముందు. నువ్వు ఫిల్టరూ సైలెన్సరూ మాత్రమే మార్చి ఉంటే స్టాండలోన్ జోలికి పోవద్దనే చెప్పేవాణ్ణి. కంపెనీ ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్‌ను చూసుకుంటూ ఆ కాస్త తేడా తనే సర్దుకుంటుంది. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవడం, ఏసీ వేయగానే ఐడ్లింగ్ పడిపోకుండా నిలవడం, ఫ్యాన్ వేళకి తిరగడం, ఇవన్నీ కంపెనీ ఇంజినీర్లు నెలల తరబడి కూర్చుని కుదిర్చినవి. స్టాండలోన్ పెట్టిన రోజున అదంతా సున్నా నుంచి మళ్ళీ మనమే చేసుకోవాలి. క్యామ్ మారితే మాత్రం లెక్క వేరు. ఓవర్‌ల్యాప్ (గాలి, పొగ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం) పెరిగి ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ వ్యాక్యూమ్ తగ్గిపోతుంది, ఈసీయూ పాత ఫ్యూయల్ టేబుల్లో ఉన్న అంకెలకూ ఇంజిన్ నిజంగా పీల్చే గాలికీ పొంతన ఉండదు. టర్బో అయితే ఇక చర్చే లేదు, కంపెనీ ఈసీయూకి బూస్ట్ అనే మాటే తెలియదు.

పిగ్గీబ్యాక్ అంటే సెన్సార్‌కీ ఈసీయూకీ మధ్యన కూర్చుని అబద్ధాలు చెప్పే పెట్టె. అది ఇంజెక్టర్ టైము 6 శాతం పెంచిందనుకో. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు కంపెనీ ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్‌లో రిచ్ (పెట్రోలు ఎక్కువ) చూసి, లాంగ్ టర్మ్ ట్రిమ్‌లో (తను నేర్చుకుని గుర్తుపెట్టుకునే దిద్దుబాటులో) ఆ 6 శాతాన్నీ వెనక్కి లాగేస్తుంది. కొన్ని ఈసీయూలు అలా నేర్చుకున్న ట్రిమ్‌ను ఫుల్ థ్రాటిల్‌కు కూడా వాడతాయి. అప్పుడు నువ్వు వేశాననుకున్న పెట్రోలు సరిగ్గా అవసరమైన చోట ఉండదు. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ళ పవర్‌ట్రోనిక్ లాంటివి చిన్న మార్పులున్న బైకులకు మంచి దారే. క్యామ్, టర్బో రెండూ మనసులో పెట్టుకున్న కారుకు మాత్రం ఆ డబ్బు దండగ.

చదివే మిగతావాళ్ళ కోసం ఒక ముక్క. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండి అయితే ఈసీయూ పీకే ఆలోచన మానుకోండి. మీటరు, పవర్ స్టీరింగ్, ఏబీఎస్, ఇమ్మొబిలైజర్ అన్నీ క్యాన్ తీగ (బండిలోని కంప్యూటర్లన్నీ పంచుకునే లైను) మీద ఇంజిన్ ఈసీయూతో మాట్లాడుతుంటాయి. అది కనపడకపోతే ఒకదాని తర్వాత ఒకటి అలుగుతాయి. ఆ బండ్లకు రీమ్యాపే (కంపెనీ ఈసీయూలోని అంకెలే మార్చడం) సరైన దారి. ఎస్టీమ్ లాంటి కేబుల్ థ్రాటిల్ బండికి ఆ తలనొప్పి లేదు, అందుకే స్టాండలోన్ నేర్చుకోవడానికి అది మంచి బండి.

ఇక ట్యూనర్. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ మెకానిక్కులకు కొదవ లేదు, లేత్ పనికి కొదవ లేదు. రోలింగ్ రోడ్ డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) కోసం మాత్రం చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే. ఎక్కడికి పోవాలన్న దాంట్లో ఎవరూ పట్టించుకోని లెక్క ఒకటుంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి 91 కిలోపాస్కల్ ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి నాచురల్ (టర్బో లేని) ఇంజిన్‌లో పెడల్ నేలకు తొక్కినా మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) అది దాటి చూపించదు. ఫ్యూయల్ టేబుల్లో 95, 100 కిలోపాస్కల్ వరసలు అక్కడి డైనో మీద ఒక్కసారి కూడా తగలవు. వాటిలో ఉన్నవి ఊహించి నింపిన అంకెలు. అదే బండి కావలికి వచ్చేసరికి బయటి ఒత్తిడి 101. ఫుల్ థ్రాటిల్ తొక్కిన ప్రతిసారీ ఇంజిన్ ఎవరూ పరీక్షించని ఆ వరసల్లోనే పరిగెడుతుంది. సిలిండర్‌లో గాలి పదో వంతు ఎక్కువ, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలి ఇంజిన్‌ను దెబ్బతీయడం) అవకాశమూ ఎక్కువ. ఇంజిన్ లోడ్‌ను థ్రాటిల్ కోణంతో కొలిచే ఆల్ఫా-ఎన్ పద్ధతిలో బారోమీటర్ దిద్దుబాటు లేకుండా ట్యూన్ చేసి ఉంటే, ఊళ్ళోకి రాగానే దాదాపు 10 శాతం లీన్ (పెట్రోలు తక్కువ). హైదరాబాదు 500 మీటర్ల పైన ఉంది, అక్కడ తేడా తక్కువే గానీ ఉంది. చెన్నై మనలాగే సముద్రమట్టం. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు, నువ్వు కావలి నుంచి ఇంకో యాభై కలుపుకో. నా ఓటు చెన్నైకే. బెంగళూరులోనే చేయించాల్సి వస్తే, పై రెండు వరసల్లో ఇగ్నిషన్ 2 డిగ్రీలు తగ్గించి పెట్టమను, ఊరికి వచ్చాక లాగ్ (బండి నడుస్తున్నప్పటి అంకెల రికార్డు) తీసి పంపితే దిద్దుతానని ముందే ఒప్పించుకో.

ట్యూనర్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు హార్స్‌పవర్ ఎంత తెస్తావని అడక్కు. ఏ సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగిందో అడుగు. ట్యూన్ అంకెలున్న ఫైలు పాస్‌వర్డ్ లేకుండా చేతికిస్తాడా? డైనో తర్వాత మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌తో స్టార్టింగ్ సరిచేస్తాడా, లేక బండి వేడిగా ఉండగానే తాళాలు ఇచ్చి పంపేస్తాడా? పాస్‌వర్డ్ వేస్తానంటే ఇంకొకరిని చూసుకో. రేపు ఇంజెక్టర్ మారిస్తే మళ్ళీ ఆయన కాళ్ళ దగ్గరికే పోవాలి.

క్రాంక్ సిగ్నల్‌కు వద్దాం. స్టాండలోన్ పెట్టిన బండ్లలో "స్టార్ట్ అవుతుంది, 4000 ఆర్పీఎం దాటితే తన్నుతుంది" అన్న ఫిర్యాదులో ఎక్కువ భాగం ఇక్కడిదే. కంపెనీ సెన్సార్ ఏ రకమో, చక్రానికి పళ్ళెన్నో, నువ్వు కొనబోయే పెట్టె ఆ నమూనాను గుర్తుపడుతుందో లేదో ముందు చూడు. అనుమానంగా ఉంటే క్రాంక్ పుల్లీకి 36-1 చక్రం (36 పళ్ళ చోట్లలో ఒకటి ఖాళీగా ఉన్నది) వేయించడం తేలికైన దారి, దాదాపు అన్ని పెట్టెలూ దాన్ని చదువుతాయి. చక్రం లేత్ మీద పుల్లీతో పాటే తిప్పి చూడాలి, వంకర 0.2 మిల్లీమీటర్లు మించకూడదు. వీఆర్ సెన్సార్‌కీ (అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే రకం) పంటికీ మధ్య సందు 0.8 నుంచి 1 మిల్లీమీటరు. బ్రాకెట్ కనీసం 5 మిల్లీమీటర్ల మందం పట్టీతో, ఇంజిన్ బ్లాకుకే బిగించాలి. చాసిస్‌కు బిగిస్తే ఇంజిన్ ఊగినప్పుడల్లా సందు మారిపోతుంది. ఊడిన పన్ను సెన్సార్ ముందుకు రావాల్సింది టీడీసీకి (పిస్టన్ పైకొసకు చేరే చోటుకు) 90 డిగ్రీలు ముందు. సరిగ్గా టీడీసీ దగ్గర పెడితే, కంప్రెషన్ వల్ల క్రాంక్ అక్కడ నెమ్మదిస్తుంది కాబట్టి సెల్ఫు కొట్టేటప్పుడు ఈసీయూ ఆ ఖాళీని సరిగా గుర్తించలేదు.

వీఆర్‌కు రెండు వైర్లే, అవి తారుమారైతే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది గానీ ఆర్పీఎం పెరిగేకొద్దీ టైమింగ్ జారుతుంది, లేదా సింక్ (క్రాంక్ ఎక్కడుందన్న ఈసీయూ లెక్క) పోతుంది. హాల్ సెన్సార్ అయితే మూడు వైర్లు, సిగ్నల్ శుభ్రంగా చతురస్రంగా వస్తుంది, కొత్తగా వేయించేవాళ్ళకు నేను హాలే చెప్తాను. ఏదైనా సరే షీల్డ్ తీగ వాడాలి. షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. రెండు వైపులా ఎర్త్ చేస్తే ఆ షీల్డే కరెంటు మోసి నాయిస్ తెస్తుంది.

వేస్టెడ్ స్పార్క్ కాయిళ్ళతో (ఒక్కో కాయిల్ రెండు సిలిండర్లకు ఒకేసారి స్పార్క్ ఇచ్చేది), బ్యాచ్ ఇంజెక్షన్‌తో (ఇంజెక్టర్లు జట్లుగా తెరుచుకునేది) నడపాలంటే క్రాంక్ సిగ్నల్ ఒక్కటే చాలు. ఫుల్ సీక్వెన్షియల్ (ఒక్కో సిలిండర్‌కు దాని వంతులో విడిగా) కావాలంటే క్యామ్ సిగ్నల్ కూడా ఉండాలి. సీక్వెన్షియల్ వల్ల ఐడ్లింగ్‌లో, ట్రాఫిక్‌లో కాస్త నునుపు వస్తుంది, మైలేజీ కొద్దిగా మెరుగవుతుంది. ఫుల్ థ్రాటిల్లో పవర్ తేడా లేనట్టే. దాని కోసమే పెద్ద పెట్టె కొనొద్దు.

అవుట్‌పుట్లు లెక్కపెట్టేటప్పుడు అందరూ నాలుగు ఇంజెక్టర్లు, రెండు కాయిళ్ళు రాసి ఆపేస్తారు. ఫ్యూయల్ పంపు రిలే, రేడియేటర్ ఫ్యాన్ రిలే, ఏసీ క్లచ్ రిలే, ఐడిల్ వాల్వ్, ఆర్పీఎం మీటరు, రేపు టర్బో పెడితే బూస్ట్ సాలినాయిడ్, ఇవి ఇంకో ఆరు. ఐడిల్ వాల్వ్ స్టెప్పర్ అయితే దానొక్కదానికే నాలుగు తీగలు. ఏసీ లేకుండా రోహిణి కార్తెలో ఎన్‌హెచ్ 16 మీద బండి నడిపే ఓపిక నీకుంటే ఒకటి తగ్గించుకో. ఏసీ స్విచ్ నుంచి ఈసీయూకి ఒక ఇన్‌పుట్ కూడా కావాలి. కంప్రెసర్ పట్టుకోకముందే ఐడ్లింగ్ 100, 150 ఆర్పీఎం పెరగాలి, కూలెంట్ 105 డిగ్రీలు దాటితే ఏసీ దానంతటదే తెగిపోవాలి. ఫ్యాన్‌కు మాత్రం ఈసీయూతో సంబంధం లేని చేతి స్విచ్ ఒకటి పక్కన పెట్టుకో. ట్యూన్ కుదిరేలోపు అది ఎన్నోసార్లు పనికొస్తుంది.

ఇంజెక్టర్లు మల్టీమీటర్‌తో కొలువు. 12 నుంచి 16 ఓమ్స్ వస్తే హై ఇంపీడెన్స్, ఏ పెట్టైనా నేరుగా నడుపుతుంది. 2, 3 ఓమ్స్ వస్తే పీక్ అండ్ హోల్డ్ డ్రైవర్ (ముందు ఎక్కువ కరెంటిచ్చి తర్వాత తగ్గించేది) కావాలి. చవక బోర్డుల్లో అది ఉండదు, నేరుగా కలిపితే బోర్డులో ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. చెన్నై పుదుపేటలో తెచ్చుకున్న పాత ఇంజెక్టర్లయితే నాలుగూ క్లీన్ చేయించి, ఫ్లో కొలిపించి, తేడా 3 శాతం లోపు ఉన్నవే వాడాలి.

సైజు లెక్క ఇలా చూసుకో. 1298 సీసీ అంటే ఒక్కో సిలిండర్‌కు 0.3245 లీటరు. 20 డిగ్రీల దగ్గర, సముద్రమట్టాన అందులో పట్టే గాలి సుమారు 0.39 గ్రాము. ఈ20 పెట్రోలుకు (20 శాతం ఇథనాల్ కలిసినది) గాలి-పెట్రోలు సమతూకం 13.5 దగ్గర ఉంటుంది, కాబట్టి 29 మిల్లీగ్రాముల పెట్రోలు కావాలి. 200 సీసీ ఇంజెక్టర్ (నిమిషానికి 200 సీసీ వదిలేది) మిల్లీసెకనుకు 2.5 మిల్లీగ్రాములు వదులుతుంది. అంటే పదకొండున్నర మిల్లీసెకన్లు. ఫుల్ థ్రాటిల్లో లాంబ్డా (సమతూకంతో పోల్చిన గాలి పాలు; 1 అంటే సమతూకం, తగ్గితే రిచ్) 0.88 పెట్టుకుంటే 13.1, తెరుచుకునే ఆలస్యం ఇంకో 1, వెరసి 14.1. 7000 ఆర్పీఎంలో రెండు చుట్లకు పట్టేది 17.1 మిల్లీసెకన్లు, డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే వాటా) 82 శాతం. క్యామ్ ఇంజిన్‌కు సరిపోతుంది, 85 దాటనివ్వకూడదు. టర్బో పెడితే 350 సీసీ ప్రాంతానికి పోవాలి. అంతకంటే పెద్దవి వేస్తే ఐడ్లింగ్‌లో పల్స్ మరీ చిన్నదై నిలకడ పోతుంది. సైజు ఇప్పుడే టర్బోకి సరిపడా తీసుకుంటే మళ్ళీ కొనే పని తప్పుతుంది, 350 సీసీ హై ఇంపీడెన్స్‌తో ఐడ్లింగ్ పెట్టడం కష్టమేం కాదు.

ఇప్పుడు పెట్టెలు. స్పీడ్యూనో ఓపెన్ సోర్స్, ఆర్డ్యూనో మెగా 2560 మీద నడుస్తుంది, నాలుగు ఇంజెక్షన్, నాలుగు ఇగ్నిషన్ అవుట్‌పుట్లు. క్యామ్ వేసిన నాచురల్ ఎస్టీమ్‌కు దాని తెలివి పూర్తిగా సరిపోతుంది. దాని లోపాలు తెలివిలో లేవు, ఒంట్లో ఉన్నాయి. మెగా బోర్డు కింది బోర్డులో పిన్నులతో గుచ్చుకుని కూర్చుంటుంది, మన రోడ్ల కుదుపుకు వదులవుతుంది, స్పేసర్లు వేసి స్క్రూలతో బిగించాలి. సముద్రం గాలికి పిన్నులు పచ్చబడతాయి, బోర్డుకు తేమ తగలకుండా కన్ఫార్మల్ కోటింగ్ కొట్టించాలి. వీఆర్ సెన్సార్ అయితే సిగ్నల్‌ను శుభ్రం చేసే కండిషనర్ చిప్ విడిగా వేసుకోవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ నడపదు, నీకు దాంతో పని లేదు. నాకింగ్ కాపలా మాత్రం దాని మీద నమ్మకం పెట్టుకునేంత లేదు. టర్బో విషయంలో ఆలోచించాల్సింది అదే.

మైక్రోస్క్వర్ట్ మూత బిగించిన చిన్న పెట్టె, వీఆర్ ఇన్‌పుట్లు లోపలే ఉంటాయి, గట్టి సరుకు. మ్యాప్ సెన్సార్ మాత్రం బయట పెట్టుకోవాలి. ఇంజెక్షన్ రెండు, ఇగ్నిషన్ రెండు అవుట్‌పుట్లే కాబట్టి బ్యాచ్, వేస్టెడ్ స్పార్క్ పద్ధతిలోనే నడుస్తుంది. పైన రాసిన ఆరు అదనపు తీగలు లెక్కేస్తే చాలీచాలని సంసారం. ఈ రెండూ ట్యూనర్‌స్టూడియో అనే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉచితంగానే వాడుకోవచ్చు గానీ లాగ్ చూసి ఫ్యూయల్ టేబుల్ తనే దిద్దే సదుపాయానికి లైసెన్స్ కొనాలి. కొను, ఆ డబ్బు వృథా పోదు. రస్ఈఎఫ్ఐ కూడా ఇదే కుటుంబం, దాని ప్రాసెసర్ బలం స్పీడ్యూనో కంటే చాలా ఎక్కువ.

పోలండ్ ఈసీయూమాస్టర్ వాళ్ళ ఈఎంయూ బ్లాక్‌లో బాష్ ఎల్ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ (గాలి-పెట్రోలు పాళ్ళను కచ్చితంగా కొలిచే ఆక్సిజన్ సెన్సార్) కంట్రోలర్, రెండు నాక్ సెన్సార్ ఇన్‌పుట్లు, 4 బార్ మ్యాప్ సెన్సార్, బారోమీటర్ అన్నీ లోపలే ఉంటాయి. ధర చూసి జడుసుకోకు. వైడ్‌బ్యాండ్ కంట్రోలర్, మ్యాప్ సెన్సార్ విడిగా కొనే ఖర్చు తీసేసి చూడు, తేడా సగానికి దిగుతుంది. న్యూజీలాండ్ లింక్, ఆస్ట్రేలియా హాల్టెక్, స్వీడన్ మ్యాక్స్ఈసీయూ కూడా ఇదే తరగతి లేదా పైది. వీటి మధ్య ఏది గొప్పదన్న వాదన ఈ ఇంజిన్‌కు అనవసరం, నీ ట్యూనర్ రోజూ తెరిచేది ఏదో అదే నీకు గొప్పది. ఇంకా ఖరీదైన మోటెక్ గురించి లక్షన్నర బడ్జెట్‌లో మాట్లాడుకోవడం వద్దు.

లక్షన్నరను నేనైతే ఇలా కోస్తాను: పెట్టెకు 60 వేలు మించకుండా, వైడ్‌బ్యాండూ సెన్సార్లకు 30, తీగలు, కనెక్టర్లు, రిలేలు, ఫ్యూజులకు 20, ట్యూనింగ్‌కూ డైనోకూ 30, తెగినవి కాలినవి మార్చడానికి 10. వైడ్‌బ్యాండ్ లోపలే ఉన్న పెట్టె అయితే సెన్సార్ల వాటాలోంచి 20 వేల దాకా పెట్టె వైపు జరుపుకో. టర్బో ఖాయం అనుకుంటే ఈఎంయూ బ్లాక్ తరగతిది ఇప్పుడే తీసుకో, రెండుసార్లు కొనడం, రెండుసార్లు వైరింగ్ చేయడం కంటే అదే చవక. టర్బో ఊరికే మాటవరసకు అన్నదైతే, ల్యాప్‌టాప్ పట్టుకుని నువ్వే నేర్చుకునే ఓపిక ఉంటే, స్పీడ్యూనో తీసుకుని మిగిలిన డబ్బు సెన్సార్ల మీదా తీగల మీదా పెట్టు. ట్యూనర్‌కు స్పీడ్యూనో ముట్టే అలవాటు లేకపోతే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వైరింగ్‌లో పొదుపు చేస్తే తర్వాత ఏడ్పే. కంపెనీ వైరింగును కోయొద్దు, పాత ఈసీయూ దాచి ఉంచు, పాత సాకెట్‌లోకి గుచ్చుకునేలా అడాప్టర్ వైరింగ్ కట్టించు. సెన్సార్లకు 0.5, ఇంజెక్టర్లకు 1, మెయిన్ పవర్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. ఆటోనగర్‌లో ఇంట్లో కరెంటుకు వాడే తీగ వేయించొద్దు, బానెట్ కింద వేడికి దాని తొడుగు బీటలు వారుతుంది. సోల్డర్ చేసిన చోట తీగ బిగుసుకుని అదురుకు విరుగుతుంది, కాబట్టి సరైన పట్టుకారుతో క్రింప్ చేయాలి (నొక్కి బిగించాలి). సెన్సార్ల ఎర్త్ అన్నీ ఈసీయూ సెన్సార్ గ్రౌండ్ పిన్నుకే పోవాలి, బాడీకి ఎక్కడా తగలకూడదు. ఈసీయూ పవర్ ఎర్త్ ఇంజిన్ హెడ్డు మీద ఒకే బోల్టుకు, రంగు గీకి బిగించాలి. హెడ్‌లైట్లూ ఫ్యాన్‌ వేసినప్పుడు కూలెంట్ టెంపరేచర్ అంకె 2, 3 డిగ్రీలు కదిలితే ఎర్త్ తప్పని అర్థం.

పెట్టె డాష్‌బోర్డ్ కిందే పెట్టు. మైపాడు, కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల పక్కన తిరిగే బండ్లలో బానెట్ కింది కనెక్టర్లు ఏడాది తిరక్కుండానే పచ్చబడిపోతాయి. రబ్బరు సీలున్న కనెక్టర్లే వాడాలి. స్పార్క్ ప్లగ్గు పేరులో ఆర్ అక్షరం ఉందో లేదో చూడు, ఎన్‌జీకేలో ఆ అక్షరం ఉంటే రెసిస్టర్ ఉన్నట్టు. లేని ప్లగ్గు వేస్తే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ తెగిపోతుంటుంది, ఈసీయూ మధ్యలో రీసెట్ అవుతుంది, తప్పు సాఫ్ట్‌వేర్‌దని జనం వారాల తరబడి వెతుకుతారు.

మొదటి స్టార్టుకు తొందరపడొద్దు. కాయిల్ ఫ్యూజు, ఇంజెక్టర్ ఫ్యూజు రెండూ తీసి, ప్లగ్గులు ఊడదీసి సెల్ఫు కొట్టు. ల్యాప్‌టాప్‌లో ఆర్పీఎం నిలకడగా 200, 300 మధ్య కనిపించాలి, సింక్ లాస్ సున్నా ఉండాలి. తర్వాతే కాయిల్. ఇగ్నిషన్ అవుట్‌పుట్ దిశ సెట్టింగ్ తారుమారైతే తాళం తిప్పిన క్షణం నుంచి కాయిల్ ఆగకుండా ఛార్జ్ అవుతూ నిమిషాల్లో కాలిపోతుంది. ఫ్యూజు వేశాక కాయిల్ మీద చెయ్యి పెట్టి చూడు, ఇంజిన్ తిరక్కుండానే వేడెక్కుతుంటే వెంటనే పీకేయ్. లోపల ఇగ్నైటర్ ఉన్న కాయిలైతే 5 వోల్టుల సిగ్నల్ చాలు, లేనిదైతే డ్రైవర్ కావాలి. డ్వెల్ (కాయిల్ ఛార్జ్ అయ్యే సమయం) 14 వోల్టుల దగ్గర 3 మిల్లీసెకన్లతో మొదలుపెట్టు. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను 10 డిగ్రీలకు స్థిరం చేసి, టైమింగ్ లైట్‌తో పుల్లీ మీద కూడా 10 వచ్చేదాకా ఆఫ్‌సెట్ దిద్దు. 3000 ఆర్పీఎంలో మళ్ళీ చూడు. అక్కడ జారితే పైన చెప్పిన వీఆర్ వైర్లే. ఇది తేలకుండా ఇగ్నిషన్ టేబుల్ ముట్టుకుంటే తర్వాత చేసినదంతా తప్పు పునాది మీద కట్టినట్టే.

మ్యాప్ సెన్సార్ గొట్టం ప్లీనంలో (మానిఫోల్డ్ గాలి గదిలో) సొంత రంధ్రం నుంచి, అర మీటరు లోపు రావాలి. బ్రేక్ బూస్టర్ గొట్టానికి టీ వేసి తీస్తే బ్రేక్ తొక్కినప్పుడల్లా ఫ్యూయలింగ్ ఊగుతుంది. పెద్ద క్యామ్‌తో ఐడ్లింగ్‌లో మ్యాప్ సిగ్నల్ ఎలాగూ కాస్త ఊగుతుంది, ఐడ్లింగ్ 950, 1000కు పెంచి ఆ గడుల్లో అంకెలన్నీ దగ్గర దగ్గరగా ఉంచితే నిలబడుతుంది.

మన ఎండ విషయం విడిగా చెప్పాలి. ఇంటేక్ గాలి సెన్సార్‌ను లోహపు మానిఫోల్డ్‌లో బిగిస్తే, బండి పది నిమిషాలు ఆగి ఉన్నప్పుడు అది గాలిని కాదు, లోహాన్ని కొలుస్తుంది. నిజంగా గాలి 45 డిగ్రీలుంటే అది 65 చూపిస్తుంది. ఈసీయూ గాలి పలచబడిందనుకుని 6 శాతం పెట్రోలు తగ్గిస్తుంది. 0.88 ఉండాల్సిన లాంబ్డా 0.93కి పోతుంది, అదీ టోల్‌గేట్ దాటి గట్టిగా తొక్కే వేళ. సెన్సార్‌ను ఫిల్టరుకూ థ్రాటిల్‌కూ మధ్య ప్లాస్టిక్ లేదా రబ్బరు గొట్టంలో, కొన తెరిచి ఉన్న రకం వేయాలి. ఆపైన గాలి ప్రవాహం తక్కువున్నప్పుడు ఆ సెన్సార్ మాట తక్కువ వినేలా కర్వ్ దిద్దాలి. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం ఒక లాగ్, డిసెంబరు తెల్లవారుజామున ఒక లాగ్ చూడకుండా ట్యూన్ పూర్తయిందని ఎవరన్నా నమ్మొద్దు. బానెట్ కింద తెరిచి పెట్టిన కోన్ ఫిల్టర్ వేడి గాలినే పీలుస్తుంది. చీమకుర్తి వైపు క్వారీ రోడ్లలో తిరిగితే గ్రానైట్ దుమ్ము కూడా దానికి తోడు. పాత పెట్టె ఫిల్టరే ఉంచి బయటి చల్లగాలి గొట్టం పెద్దది చేసుకోవడం మేలు.

వైడ్‌బ్యాండ్‌లో అంకెను లాంబ్డాలో చూడు. గేజ్ మీద 14.7 అనేది పాత పెట్రోలు లెక్క, ఈ20కి అది అర్థం లేని అంకె. క్రూజింగ్‌లో లాంబ్డా 1, ఫుల్ థ్రాటిల్ నాచురల్‌కు 0.87, 0.88, టర్బోకు 0.80 ప్రాంతం. సెన్సార్‌ను సైలెన్సర్ పైపుకు పైభాగాన, నిలువుకు అటూ ఇటూ ఏటవాలుగా బిగించాలి, కింద పెడితే నీటి చుక్క తగిలి పగిలిపోతుంది. కరెంటు ఇవ్వకుండా దాన్ని పైపులో ఉంచి బండి నడిపినా పాడవుతుంది. ఈ20కి పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు ఆగవు, ట్యూనింగ్ కంటే ముందు అవి మార్చు.

ఇగ్నిషన్‌కు మొదటి అంకెలు మాత్రమే ఇస్తున్నాను, ఇవే చివరివి కావు: ఐడ్లింగ్ 12, నిలకడ క్రూజింగ్ 30 నుంచి 34, ఫుల్ థ్రాటిల్ 3000లో 20, 6000లో 26 డిగ్రీలు. అక్కడి నుంచి డైనో మీద డిగ్రీ డిగ్రీగా పెంచుతూ టార్క్ పెరగడం ఆగిన చోట ఒకటి వెనక్కి రావాలి. 74 మిల్లీమీటర్ల బోర్‌కు నాకింగ్ మోత 7.7 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది, నాక్ ఇన్‌పుట్ ఫిల్టర్ అక్కడ పెట్టమను. నాక్ ఇన్‌పుట్ లేని పెట్టె అయితే బ్లాకుకు సెన్సార్ బిగించి హెడ్‌ఫోన్‌తో వినాలి, వట్టి చెవికి వినిపించేసరికి ఆలస్యమైనట్టే. 95 ఆక్టేన్ ఎక్స్‌పీ95 పెట్రోలు పోసి ట్యూన్ చేసుకుంటే ఎప్పుడూ అదే పోయాలి. కనిగిరి, ఉదయగిరి వైపు తిరిగేవాళ్ళకు ప్రతి బంకులో అది దొరకదు కాబట్టి మామూలు పెట్రోలు మీదే ట్యూన్ చేయించుకోవడం తెలివైన పని. ఫుల్ థ్రాటిల్ ట్యూనింగ్ హైవే మీద వద్దు. పార్ట్ థ్రాటిల్ లాగులు రోడ్డు మీద తీయొచ్చు, ల్యాప్‌టాప్ పక్క సీట్లో వాళ్ళ ఒళ్ళో ఉండాలి.

చట్టం సంగతి తెలిసి చెయ్యి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్థితి నుంచి బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బందే. పూర్తి నిశ్చింత కావాలంటే బండిని ట్రాకుకే పరిమితం చేసి, ట్రక్కు మీద శ్రీపెరంబుదూరు దగ్గరి సర్క్యూట్‌కు తీసుకుపోవడమే.

డబ్బు కట్టేముందు రెండు పనులు చెయ్యి: ఇంజెక్టర్ల ఓమ్స్ కొలువు, క్రాంక్ పుల్లీ వైపు నుంచి, క్యామ్ వెనకవైపు నుంచి సెన్సార్ల ఫొటోలు తియ్యి. అవి పెడితే 36-1 చక్రం అవసరమా, ఉన్నదాంతో సరిపోతుందా చెప్పగలను.